అయిదు లక్షల లోపు కారు: నలభై ఏళ్ల లెక్క

చౌక చిన్న కారు గురించి మన దగ్గర రెండే రకాల మాటలు వినిపిస్తాయి. కొన్నవాడు "మైలేజీ బ్రహ్మాండం, ఖర్చే లేదు" అంటాడు. కొననివాడు "అది రేకు డబ్బా, లారీ తగిలితే నుజ్జు" అంటాడు. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పేది ఒకే సంగతి: ఆ కారు తేలిక. మారుతి 800 బరువు 650 కిలోలు. టాటా నానో 600 దగ్గర. మొదట వచ్చిన క్విడ్ 660. నేటి ఆల్టో కె10 కూడా 800 కిలోల లోపే. ఓ మోస్తరు ఎస్‌యూవీ ఇందుకు రెట్టింపు దాకా తూగుతుంది. మైలేజీ ఆ తేలికలోంచే వస్తుంది. వేలితో తిప్పగలిగే స్టీరింగు, ఏళ్ల తరబడి అరగని టైర్లు కూడా అందులోంచే వస్తాయి. హైవే మీద వోల్వో బస్సు దాటిపోతున్నప్పుడు కారు పక్కకు ఊగడమూ, గుద్దుకున్నప్పుడు ముందు భాగం ముడుచుకుని కాళ్ల దాకా రావడమూ దాని ఫలమే. చౌక కారును అంచనా వేయాలంటే ఈ రెంటినీ ఒకే ఖాతాలో రాసుకోవాలి. విడివిడిగా రాసుకోబట్టే ఈ వాదన నలభై ఏళ్లుగా తెగడం లేదు.

ఆ ఖాతా 1983 డిసెంబరు 14న తెరుచుకుంది. ఆ రోజు ఇందిరా గాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి మొదటి మారుతి 800 తాళాలు అందుకున్నారు. ధర యాభై వేలకు అటూ ఇటూ. ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. సుజుకి జపాన్‌లో అమ్ముతున్న చిన్న కారుకే ఇక్కడి పేరు పెట్టారు. అప్పటికి మన రోడ్ల మీద తిరుగుతున్నవి ప్రధానంగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్ నడపడానికి భుజబలం కావాలి. గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది. చలికాలం పొద్దున్నే మొరాయిస్తే నలుగురు తోయాలి. రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా ఎవరూ దూరం బయల్దేరేవాళ్లు కాదు. కారున్న చాలా ఇళ్లలో డ్రైవరు కూడా ఉండేవాడంటే హోదా కోసం మాత్రమే కాదు, ఆ బండిని లొంగదీయడం ఒక పూర్తి ఉద్యోగం కాబట్టి.

మారుతి వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. తాళం తిప్పితే స్టార్టయ్యేది. ఇంజను శక్తి ముందు చక్రాలకే వెళుతుంది కనుక కారు మధ్యలోంచి వెనక్కి పొడుగాటి షాఫ్టు అక్కర్లేదు, అంత చిన్న పెట్టెలోనూ నలుగురికి చోటు దొరికింది. క్లచ్ తొక్కడానికి మోకాలు నొప్పెట్టేది కాదు. డాక్టరమ్మలు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగినులు తమంతట తాము నడుపుకుంటూ వెళ్లడం మన పట్టణాల్లో మామూలు దృశ్యమైంది ఈ కారుతోనే. డ్రైవింగ్ స్కూళ్లు కూడా దీన్నే పట్టుకున్నాయి. పక్క సీటు కింద ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు బిగించిన మారుతి మీద నేర్చుకున్నవాళ్లు రెండు తరాలున్నారు. 2014 జనవరిలో ఆఖరి బండి బయటికొచ్చేనాటికి 25 లక్షలకు పైగా తయారయ్యాయి. నా దృష్టిలో అది గొప్ప కారేమీ కాదు. నడపడమనే పనిని మాత్రం అది డ్రైవరు చేతిలోంచి తీసి ఇంటివాళ్ల చేతిలో పెట్టింది.

తొంభైల చివర్లో పోటీ వచ్చింది. 1998లో శాంత్రో, మాటిజ్, ఏడాది చివర ఇండికా, 1999లో వ్యాగన్ఆర్, 2000లో ఆల్టో. వీటిలో ఆల్టో సంగతే వేరు. మారుతి 800కు కొంచెం గుండ్రటి ఒళ్లు, కొంచెం ఎక్కువ ఊపిరి ఇచ్చినట్టుండే ఆ కారు పదేళ్లకు పైగా వరుసగా దేశంలో అందరికంటే ఎక్కువగా అమ్ముడైంది. 2020 నాటికి దాని అమ్మకాలు 40 లక్షలు దాటాయి. మొదటి కారు అంటే ఆల్టో అనుకునే మధ్యతరగతి ఒకటి తయారైంది.

ఇక్కడ ఆర్థిక శాఖ చేసిన ఒక చిన్న పని గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంజనీర్లు చేసినదానికంటే అదే ఎక్కువ ప్రభావం చూపింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటి? పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండాలి, పెట్రోలు ఇంజను 1200 సీసీకి మించకూడదు, డీజిల్ అయితే 1500కు మించకూడదు. బరువు గురించి గానీ ధర గురించి గానీ ఒక్క మాట లేదు. కంపెనీలు ఆ సందును వెంటనే పట్టుకున్నాయి. మొదట డిక్కీ కోసిన సెడాన్లు వచ్చాయి, తర్వాత నాలుగు మీటర్ల లోపు ఎత్తు బండ్లు వచ్చాయి. సామాన్యుడి కారుకని ఇచ్చిన రాయితీ చివరకు ఆ కారును మింగిన ఎస్‌యూవీని పెంచి పోషించింది. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు టాటా పంచ్. నాలుగు మీటర్ల లోపే ఉంటుంది, ఆ రాయితీ దానికీ వర్తించింది.

నానో కథ అందరికీ తెలిసిందేనని తేల్చేస్తుంటారు గానీ, అందులో పాఠం అనుకుంటున్నది పాఠం కాదు. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా దాన్ని చూపించారు. వానలో స్కూటర్ మీద తడుస్తూ వెళుతున్న కుటుంబాన్ని చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పారు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ, 2008 అక్టోబరులో గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింపు, 2009 మార్చిలో మార్కెట్లోకి రాక. లక్ష రూపాయల మాట నిలబెట్టుకోవడానికి వాళ్లు తీసేసినవి చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే వైపరు. చక్రానికి మూడే నట్లు. చౌక రకంలో ఎడమ అద్దం లేదు. వెనక డిక్కీ తలుపే లేదు, సామాను పెట్టాలంటే వెనక సీటు మడవాలి. ఇంజను వెనక, 624 సీసీ, రెండే సిలిండర్లు.

ఇంత కోసినా ఊళ్లో నడపడానికి అది చక్కటి బండి. సీటు ఎత్తు, ముందు భాగం పొట్టి, బజారులో ఎక్కడైనా తిరిగేది, ఆరడుగుల మనిషి వెనక కూర్చున్నా మోకాళ్లు తగిలేవి కాదు. లోపలి చోటు విషయంలో ఆల్టో దాని ముందు దిగదుడుపు. మరెందుకు పోయింది? 2010లో కొన్ని బండ్లకు మంటలు అంటుకున్న వార్తలు దెబ్బతీశాయి, నిజమే. ఏసీ ఉన్న రకం కొని రిజిస్ట్రేషన్ చేయించేసరికి లక్షన్నర దాటేది, అదీ నిజమే. అసలు కారణాన్ని మాత్రం టాటాయే తర్వాత ఒప్పుకున్నారు: అందరిలోకీ చౌకైన కారు అని చాటడం తప్పయిందని. స్కూటర్ మీదివాడు కారెక్కాలనుకునేది తడవకుండా ఉండటానికి మాత్రమే కాదు. వీధిలో నలుగురూ చూస్తారు, పెళ్లి సంబంధాల్లో వాకబు చేస్తారు, అత్తగారింటి ముందు ఆపాలి. నానో ఆపితే "ఇంతకంటే కొనలేకపోయాడు" అన్న మాట కూడా వెంట వచ్చేది. అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్ ఆల్టో కొంటే ఆ మాట రాదు. నానోను ఓడించింది సెకండ్ హ్యాండ్ ఆల్టో అని నేను గట్టిగా నమ్ముతాను. 2018లో దాని తయారీ దాదాపు నిలిచిపోయింది.

ఆ తర్వాతి ప్రయత్నాలను త్వరగా దాటేయవచ్చు. నిస్సాన్ వాళ్లు పాత డాట్సన్ పేరును 2014లో మన దేశంలో మళ్లీ తెచ్చి 2022లో మూటాముల్లె సర్దేసుకున్నారు. హ్యుందాయ్ ఇయాన్ 2011లో వచ్చి 2019లో పోయింది. కాస్త తెలివిగా ఆలోచించింది రెనో. 2015లో వచ్చిన క్విడ్‌కు చెన్నై దగ్గరి ఒరగడం ఫ్యాక్టరీలో చిన్న కారు ఎముకల మీద ఎస్‌యూవీ చొక్కా తొడిగారు. నేలకు 180 మిల్లీమీటర్ల ఎత్తు, ముఖం నిండా గాంభీర్యం, లోపల టచ్ స్క్రీన్. పరువు సమస్యకు ఒక జవాబు దొరికింది. అప్పటి నుంచీ చౌక కారు తన చిన్నతనాన్ని దాచుకోవడానికి తంటాలు పడుతూనే ఉంది.

ఇక నడపడం సంగతి. ఊళ్లో చిన్న కారుకు తిరుగులేదు. ఆల్టో పొడవు మూడున్నర మీటర్లు. బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క సందుల్లోనో, కోఠిలోనో, ఏ పాత పేటలోనో అయినా పార్కింగు దొరకబుచ్చుకోవడంలో ఆ తేడా ఏమిటో పెద్ద కారు తోలేవాడికే తెలుస్తుంది. తొమ్మిది మీటర్ల వెడల్పు ఉంటే ఒకే తిప్పుడుకు వెనక్కి మళ్లుతుంది. మూడు సిలిండర్ల ఇంజను నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది, సిగ్నల్ దగ్గర గేరు కడ్డీ చేతిలో జలదరిస్తుంది. కదిలాక సర్దుకుంటుంది. రెండో గేరులో ట్రాఫిక్కంతా గడిపేయవచ్చు. 2014లో సెలెరియోతో మొదలైన చౌక ఆటోమేటిక్ గేర్లు ఎడమ కాలికి సెలవిచ్చాయి. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, దానికి అలవాటు పడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ కుదుపు ఒక లెక్క కాదు.

ఎండాకాలం దగ్గరికి వచ్చేసరికి బేరం మారుతుంది. పాత ఆల్టో 800 ఇంజను శక్తి 48 హార్స్‌పవర్. అందులోంచే ఏసీ కంప్రెసర్ కూడా తన వాటా లాక్కుంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను మెల్లగా తిరుగుతుంది కనుక ఏసీ చల్లదనం తగ్గుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు ఏసీ మీట నొక్కి ఆపేయడం చిన్న కారు డ్రైవర్లందరికీ చేతికి వచ్చిన విద్య. కె10లోని వెయ్యి సీసీ ఇంజను ఈ బాధను చాలావరకు తీర్చింది. 800, 1000 సీసీల మధ్య తేడా కాగితం మీద చిన్నది, శ్రీశైలం ఘాట్‌లో చాలా పెద్దది. నలుగురితో సామానుతో దోర్నాల వైపు నుంచి ఎక్కుతుంటే చిన్న ఇంజను రెండో గేరు, ఒకటో గేరు మధ్య ఊగిసలాడుతుంది. అప్పుడు హాఫ్ క్లచ్ మీద లాగించేవాళ్లు కొండ దిగాక మెకానిక్ దగ్గర క్లచ్ ప్లేట్ల ఖర్చు కట్టుకుంటారు.

తేలిక కారుకు సంబంధించి కంపెనీ కాగితాల్లో రాయని విషయం ఒకటుంది. ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుని, పల్లెనుంచి వస్తూ ఒక బియ్యం బస్తా, రెండు ఆవకాయ జాడీలు, నాలుగు కొబ్బరికాయలు వేసుకున్నారనుకోండి. దాదాపు 400 కిలోలు. పదిహేను వందల కిలోల ఎస్‌యూవీకి అది తన బరువులో పావు వంతు. ఆల్టోకు సగం. అంటే ఒక్కరే ఉన్నప్పుడు నడిపే కారు, నిండుగా ఉన్నప్పుడు నడిపే కారు రెండూ ఒకటి కావు. బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. వెనక భాగం కుంగి ముందు లైట్లు పైకి లేస్తాయి, ఎదుటివాడి కళ్లలో పడతాయి. మన రోడ్డు మనకు కనిపించదు. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగు పక్కన లైటు వంపు సర్దే చిన్న చక్రం ఉంటుంది, దాని పనేమిటో తెలిసిన యజమానులు అరుదు. ఊరి మొదట్లో వేసిన ఎత్తు స్పీడ్‌బ్రేకర్‌కు కారు పొట్ట రాసుకుంటుంది, అప్పుడు వెనకవాళ్లను దించి కారు దాటించడం మామూలే. బయల్దేరే ముందు వెనక టైర్లకు గాలి పెంచుకోవాలి. తలుపు అంచున అంటించిన కాగితం మీద నిండు బరువుకు ఎంత పెట్టాలో వేరే అంకె ఉంటుంది. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు ఆ కాగితం చూడడు, అన్ని కార్లకూ ఒకే అంకె పెడతాడు.

చక్రాల సైజు మరో చిక్కు. ఆల్టో 800కు పన్నెండంగుళాల చక్రం. పెద్ద చక్రం పైనుంచి దాటిపోయే గుంతలోకి చిన్న చక్రం దిగిపోతుంది. మన జిల్లా రోడ్ల మీద రెండు వానాకాలాలు తిరిగిన చిన్న కారుకు బుష్‌లు, లోయర్ ఆర్మ్‌లు, అలైన్‌మెంట్ అనే మాటలు నోటికి వచ్చేస్తాయి. అయితే ఆ సామాన్లు చౌక, మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి, చెట్టు కింద మెకానిక్ కూడా బిగించగలడు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ కార్లకు దొరకని భాగమంటూ లేదు. ఖరీదైన కారు సర్వీస్ సెంటర్లో భాగం కోసం వారాలు కాచుకున్నవాళ్లకు ఈ సౌఖ్యం విలువ తెలుస్తుంది.

ఖర్చుల్లో చిన్న కారు నిజంగానే గెలుస్తుంది. కాకపోతే కంపెనీ చెప్పినంత కాదు. కె10కు పరీక్షలో లీటరుకు 24 కిలోమీటర్ల పైన వచ్చింది. ట్రాఫిక్కులో, ఏసీతో, మామూలు కాలితో నడిపితే 16, 17. హైవే మీద ఎనభై దాటకపోతే 20 పైన. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు వచ్చాక అందులో ఇంకాస్త తరుగు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి సగటున 18 వస్తుందనుకుంటే 55 లీటర్లు, ఆరు వేల రూపాయలు. లీటరుకు 12 ఇచ్చే బండికి తొమ్మిది వేలు. నెలనెలా ఆ మూడు వేల తేడా కొందరి ఇంట్లో పిల్లవాడి ట్యూషన్ ఫీజు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా ఇంజను సైజును బట్టే: వెయ్యి సీసీ లోపు ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి నుంచి 1500 వరకు 3,416. కె10 ఇంజను 998 సీసీ కనుక తక్కువ రేటులోకే వస్తుంది. ఇంజనాయిలు మూడు లీటర్ల లోపే. సన్న టైర్లు, చిన్న బ్యాటరీ, అన్నీ చిన్న బిల్లులే.

పెద్ద బిల్లు మొదట్లోనే వస్తుంది. ప్రకటనలో చూసేది షోరూం ధర. లైఫ్ ట్యాక్సు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కారు ధరలో పదో వంతు కంటే ఎక్కువే. అదే పేరు మీద ఇప్పటికే ఒక కారుంటే ఇంకొంచెం పడుతుంది. 2018 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు ఆదేశంతో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. నాలుగు లక్షల కారు కొనబోయి అయిదు దగ్గర తేలినవాళ్లు షోరూం వాడిని తిట్టుకుంటారు గానీ, ఆ తేడాలో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే. సీఎన్‌జీ కిట్టున్న కె10 కిలో గ్యాసుకు 33 కిలోమీటర్ల పైన ఇస్తుందని కంపెనీ లెక్క. రోజూ దూరం తిరిగేవాళ్లకు మంచి బేరం, బంకు దగ్గర క్యూలో నిలబడే ఓపిక ఉంటే. సిలిండరు డిక్కీని ఆక్రమిస్తుంది కనుక బియ్యం బస్తా వెనక సీట్లోకి వస్తుంది.

ఇప్పుడు అసలు తగాదా, ప్రాణం సంగతి. 2014 జనవరిలో, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ మన కార్లను మొదటిసారి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దించింది. ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో, అయిదింటికీ భద్రతలో సున్నా చుక్కలు (స్టార్లు). వీటిలో కొన్నింటి ఒళ్లే గట్టిగా లేదు, ఎయిర్‌బ్యాగు పెట్టినా లాభం లేదని వాళ్లు చెప్పారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. కంపెనీలు ఇచ్చిన జవాబు, ఇప్పటికీ ఇస్తున్న జవాబు ఒకటే: ఈ కారు లేకపోతే ఆ కుటుంబం స్కూటర్ మీద వెళుతుంది, దానికంటే ఇది నయం కాదా?

ఈ వాదనలో నిజముంది. ఊళ్లో, నలభై వేగంలో, అది పూర్తిగా నిజం. అయితే స్కూటర్ మీద ఎవరూ భార్యాబిడ్డలతో రాత్రి పది గంటలకు గుంటూరు నుంచి తిరుపతి బయల్దేరరు. స్కూటర్ తొంభై వేగంతో లారీల మధ్య గంటల తరబడి పోదు. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానేరానివ్వరు. స్కూటర్‌కు బదులని కొన్న కారు ఆ కుటుంబాన్ని స్కూటర్ ఎన్నడూ వెళ్లని చోటికి, ఎన్నడూ వెళ్లని వేగంతో తీసుకెళుతోంది. మారుతి 800 పుట్టిననాటి రోడ్డు వేరు. అప్పుడు నెల్లూరు దారి ఒక్క వరస రోడ్డు, అరవై దాటితే గొప్ప. ఇప్పుడు అదే దారి విశాలమైన హైవే. కార్లు మారకముందే రోడ్లు మారాయి. పోల్చవలసింది స్కూటర్‌తో కాదు, ఆ ప్రయాణం బస్సులోనో రైల్లోనో చేస్తే ఎలా ఉండేదనే దానితో.

చుక్కల గురించి ఇంకో మాట. గోడకు గుద్దే పరీక్ష దాదాపుగా తన బరువే ఉన్న ఇంకో కారుతో ఎదురుపడటం లాంటిది. రోడ్డు మీద ఎదురయ్యేది గోడ కాదు, తనకు రెండింతల ఎస్‌యూవీ, ఇరవై ముప్ఫై రెట్ల లారీ. రెండు బండ్లు ముఖాముఖి ఢీకొంటే తేలిక బండే ఎక్కువ కుదుపు తింటుంది. భౌతికశాస్త్రం దగ్గర బేరాల్లేవు. అందుకే 800 కిలోల కారుకు ఎన్ని చుక్కలొచ్చినా, ఆ చుక్కలను పెద్ద కారు చుక్కలతో సమానంగా లెక్కపెట్టకూడదు. అలాగని బరువే సర్వస్వమూ కాదు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన మెర్సిడెస్ వెనక సీట్లో, బెల్టు పెట్టుకోకుండా. మన చిన్న కార్లలో వెనక బెల్టులు సీటు సందులోకి దోపేసి, దాని మీద తువ్వాలు పరిచి ఉంటాయి. ఆరు ఎయిర్‌బ్యాగులకు ఖర్చుపెట్టిన దేశంలో ఉచితంగా వచ్చే రక్షణను వాడుకునే అలవాటు రాలేదు.

చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్. అదే ఏడాది జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, బెల్టు గుర్తుచేసే బీప్, ఎనభై దాటితే హెచ్చరిక, వెనక సెన్సర్లు. అక్టోబరుకల్లా అమ్ముతున్న మోడళ్లన్నిటికీ గుద్దుడు పరీక్ష. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు. 2021 ఆఖరుకు పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు. 2023 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు మరో మెట్టు బిగిసేసరికి ఆల్టో 800 ఆగిపోయింది. 2012లో 2.44 లక్షలకు వచ్చిన కారది. 2022లో కొత్త కె10 వచ్చిన ధర 3.99 లక్షలు. 2025 మార్చిలో దానికి ఆరు ఎయిర్‌బ్యాగులూ పెట్టారు. నిబంధనలే చిన్న కారును సామాన్యుడికి దూరం చేశాయని మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ చాలాసార్లు అన్నారు. ఆయన మాటతో సగమే ఏకీభవిస్తాను. పదేళ్లలో ఇళ్ల అద్దెలు, స్కూలు ఫీజులు ఇంతకంటే ఎక్కువే పెరిగాయి. కొనగలిగినవాళ్లు కూడా అప్పు ఏడేళ్లకు సాగదీసుకుని ఎత్తు బండి వైపే పోతున్నారు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన పెద్ద కార్ల ఫ్యాక్టరీ, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా, 2019 నుంచి సెల్టోస్, సోనెట్ లాంటి ఎత్తు బండ్లనే తయారుచేస్తోంది. చౌక హ్యాచ్‌బ్యాక్ వాళ్ల జాబితాలోనే లేదు. లాభం ఎక్కడుందో కంపెనీలకు తెలుసు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కె10 మొదటి రకం 3.70 లక్షలకు వచ్చింది. చిన్న కారుకు కాస్త ఊపిరి దొరికింది. అయితే ఆ రాయితీ నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీలకు కూడా దొరికింది కాబట్టి, పోటీలో వెనకబాటు అలాగే ఉంది. చౌక ఎలక్ట్రిక్ కార్లు ఈ లెక్కలోకి రావడానికి ఇంకా టైము పడుతుంది. బ్యాటరీ బరువు, బ్యాటరీ ధర రెండూ చౌక కారు సూత్రానికి ఎదురు నడిచేవే.

కనుక ఇవాళ సామాన్యుడి చౌక కారు షోరూంలో లేదు, సెకండ్ హ్యాండ్ బజారులో ఉంది. రెండు మూడు లక్షలకు దొరికే ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10. అక్కడ మైలేజీ, రంగు, "సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి" అనే మాటలు విని కొంటారు. ముందు చూడవలసింది తయారైన నెల. 2019 జులై తర్వాతిదైతే ఏబీఎస్, కనీసం ఒక ఎయిర్‌బ్యాగు ఉంటాయి. అంతకు ముందుదైతే అదృష్టం. 2022 తర్వాతిదైతే రెండు. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లను ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు చేశారు, పాతవాటిలో రబ్బరు పైపుల మీద కన్నేసి ఉంచాలి. ఒకే మోడల్, ఒకే ఆకారం, పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. రెండేళ్ల వయసు తేడాలో ప్రాణరక్షణ ఇంత మారిపోయిన కాలం ఇంకోటి లేదు. ఇరవై వేలు ఎక్కువ పెట్టి తర్వాతి తయారీది తీసుకోవడం కంటే తెలివైన బేరం ఈ బజారులో కనిపించదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను రోడ్డెక్కనివ్వకూడదన్న నిబంధన వల్ల, ఆ వయసుకు దగ్గరపడినవి చవగ్గా దక్షిణానికి దిగుతూ వచ్చాయి. ధర చూసి ఆశపడ్డవాళ్లు ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలుపుకుని లెక్కేసుకోవాలి. రెండోది వరద బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నీట మునిగిన కార్లన్నీ తుక్కుకు వెళ్లలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మేవాళ్లున్నారు. కాళ్ల కింద మ్యాటు కాదు, దాని కింద అతికించిన కార్పెట్ ఎత్తి చూడాలి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, బెల్టు పూర్తిగా లాగితే చివర్లో మట్టి గీత, ఈ రెండూ అబద్ధమాడవు.

ఎవరికి నప్పుతుందంటే, ఊళ్లో పిల్లల్ని దించి, అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లి, నెలకోసారి ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలోని సొంతూరు వెళ్లొచ్చే ఇంటికి ఈ కారును మించింది లేదు. పెద్ద బండి కోసం ఏడేళ్ల ఈఎంఐ నెత్తికెత్తుకోవడం అనవసరం. రాత్రి హైవే ప్రయాణాలు తప్పనివాళ్లు మాత్రం అయిదు లక్షలకు కొత్త ఆల్టో కొనేకంటే, అదే డబ్బుకు కాస్త బరువైన, రెండు మూడేళ్లు వాడిన టియాగో లాంటి కారు వెతుక్కోవడం మంచిది. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి నాలుగు చుక్కలిచ్చింది. 2023లో కె10కు వచ్చినవి రెండు. ఊళ్లో తిరగడానికి ఆల్టో, ఊరు దాటడానికి రైలు అనే ఏర్పాటు ఇప్పటికే చాలా ఇళ్లలో నడుస్తోంది. ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చినంత మాత్రాన వాళ్లు తత్కాల్ టికెట్టు మానేసి రాత్రి పూట హైవే ఎక్కాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.